ఎదురు కొట్టు నుంచి చూస్తే

పోయిన వారం గజంగారిని మునిసిపల్ ఆఫీసు నోటీసు బోర్డు ముందు వదిలిపెట్టి వచ్చాం. ఆ బోర్డు మీద ఉన్నది పాత బజారు కొత్త నమూనా. ఏటా ఒకటో రెండో కొట్లు మూతపడుతున్న బజారది. దానికి మళ్ళీ జనాన్ని రప్పించాలని ఆఫీసువాళ్ళు చెట్లు నాటి, కూర్చోడానికి రాతి బల్లలు వేసి, గోడల మీద బొమ్మలు గీయించబోతున్నారు. నమూనాలో పడమటి వరసంతా ఆకుపచ్చగా కళకళలాడుతోంది. తూర్పు వరసంతా బూడిద రంగు. అక్కడ సరుకు దింపే లారీలు ఆగుతాయి, చెత్త డబ్బాలుంటాయి, మనిషెత్తు కరెంటు పెట్టె ఒకటి ఉంటుంది. ఆ పెట్టె కొలత పెట్టి గీసినట్టు గజంగారి బట్టల కొట్టు గుమ్మం ముందే ఉంది. సరిగ్గా దానికి ఎదురుగా, రెండు చెట్ల మధ్య చల్లగా కూర్చుని ఉన్నది ఆయన బావగారి బట్టల కొట్టు.

దీనికి ఆయన ఆఫీసువాళ్ళని తిట్టడానికి వీల్లేదు. బజారు మీది, ఏది ఎక్కడ కావాలో మీరే చెప్పండని వాళ్ళు రెండు నెలల కిందటే ప్రతి కొట్టుకీ అయిదు ఆకుపచ్చ బిళ్ళలు, అయిదు ఎర్ర బిళ్ళలు పంచారు. వర్తక సంఘం హాల్లో గోడంత పటం పెట్టారు. చెట్టు కావాలన్న చోట ఆకుపచ్చ బిళ్ళ అంటించాలి, వద్దన్న చోట ఎరుపు. సంఘానికి అధ్యక్షుడు గజంగారే కనక తన వరస వాళ్ళందరికీ సలహా చెప్పారు. చెట్టంటే బోర్డుకి అడ్డం, చెట్టంటే వెలుతురుకి అడ్డం, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఎర్ర బిళ్ళ అంటించుకోండి అని. పదకొండు కొట్లవాళ్ళు అంత ఓపిక కూడా లేక, మీరే అంటించెయ్యండని తమ బిళ్ళలు ఆయన చేతిలో పెట్టేశారు. అలా చేతికొచ్చిన ఎర్ర బిళ్ళలు చాలామటుకు తన గుమ్మం ముందే అంటించుకున్నారు. యాభై అయిదు ఆకుపచ్చ బిళ్ళల్లో నలభై ఒకటి ఆయన బావగారి గుమ్మం ముందు అంటించారు. ప్రేమతో కాదు.

బట్టల వ్యాపారంలో గుడ్డ రంగు గుమ్మంలో తేలాలి. లోపల ట్యూబులైటు కింద చూసిన రంగుని ఎవరూ నమ్మరు. థాను భుజాన వేసుకుని గుమ్మం దాకా మోసుకెళ్ళి, పగటి వెలుతురులో విప్పి చూపించాలి. ఆకుల నీడ పడితే తెలుపు పాచిపట్టినట్టూ, ఎరుపు మట్టి కొట్టుకుపోయినట్టూ కనిపిస్తాయి. ఎదుటివాడి గుమ్మం ముందు చెట్టు పెడితే వాడి వెలుతురు పోతుంది. గజంగారి లెక్క అది. చెట్టు వెంట బల్ల వస్తుందనీ, బల్ల వెంట మనుషులొస్తారనీ ఆయన లెక్కలో లేదు.

మర్నాడు పది గంటలకి సంఘం హాల్లో ఆఖరి సభ. అందులో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నమూనా ఖాయమైపోతుంది. అందుకే ఈ రోజు భోజనాలవగానే గజంగారు మొక్కల మేడమ్ గదికి వెళ్ళారు.

నమూనా గీసింది ఆవిడే. ఆఫీసులో ఆవిడ హోదాకి పెద్ద పేరేదో ఉంది గానీ, ఎప్పుడు చూసినా బూట్లకి మట్టి ఉంటుంది కనక బజారంతా మొక్కల మేడమ్ అనే అంటారు. గదిలో ఫైళ్ళ కన్నా మొక్కలెక్కువ. నూనె డబ్బాలు సగానికి కోసి వాటిలో పెంచుతోంది. గజంగారు కుర్చీలో కూర్చుని ముందు ఆ మొక్కల్ని మెచ్చుకున్నారు. తర్వాత వర్షాల గురించి మాట్లాడారు. కావాల్సిన థాను వంక చూడకుండా పక్క థాను బేరమాడడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆవిడ అన్నిటికీ తలూపి, తాగుతున్న టీ పక్కన పెట్టి, ఒక కాగితం తీసి ఆయన ముందు పరిచింది. అందులో బజారు మీద ఎండ ఏ వేళ ఎటు పడుతుందో గీతలు గీసి ఉంది.

మూడింటి నుంచి పొద్దు కుంకే దాకా ఎండంతా తూర్పు వరస మీదే పడుతుందనీ, పడమటి వరసకి ఆ వేళకి దాని నీడే చాలుననీ ఆవిడ చెప్పింది. తను మొట్టమొదట గీసిన నమూనాలో చెట్లన్నీ తూర్పు వైపే ఉన్నాయట.

"మరి మార్చారేం మేడమ్?"

"మీరందరూ వద్దన్నారు కదండీ, ప్రెసిడెంటుగారూ. అడిగి, చెప్పింది వినకపోతే ఇంక అడగడం దేనికి?"

గజంగారు గొంతు సవరించుకుని, జనం తెలియక తప్పు చేసి ఉండొచ్చనీ, బిళ్ళలు ఇంకోసారి లెక్కేస్తే బాగుంటుందనీ మెల్లగా అన్నారు. దానికేం, లెక్కేయొచ్చంది ఆవిడ. సొరుగులో మిగిలిపోయిన బిళ్ళ ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అంచు చూడమంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, బిళ్ళని కిటికీ వైపు తిప్పి చూశారు. అంచు వెంట, చీమ కాళ్ళంత అక్షరాల్లో, ఒక నంబరుంది. ప్రతి కొట్టుకీ ఇచ్చిన బిళ్ళల మీద ఆ కొట్టు నంబరు వేయించారట.

థాను అంచు మీద మిల్లు ముద్ర చూడకుండా గుడ్డ ముట్టుకోని మనిషి గజంగారు. ముప్పై ఏళ్ళలో ఒక్క నకిలీ థాను కొనలేదని గొప్పగా చెప్పుకునేవారు. అలాంటాయన చేత్తో నూటపది బిళ్ళలు అంటించి ఒక్కదాని అంచు కూడా చూడలేదు.

మొక్కల మేడమ్ ఆయన మొహం చూసిందో లేదో తెలియదు. మామూలుగానే చెప్పుకుపోయింది. ఇంతవరకూ తను మొత్తాలే చూసిందట, నంబర్ల జోలికి పోలేదట. అభ్యంతరం వస్తే మాత్రం అందరి ముందూ నంబర్లు చదవాల్సిందే. పదకొండు కొట్ల బిళ్ళలు ఒకే గుమ్మం ముందు ఎలా పోగయ్యాయో అప్పుడు ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది. అలా కాకుండా ఎవరైనా లేచి, ఫలానా బిళ్ళలు సరిగ్గా అంటించలేదు, తీసెయ్యండి అని ఒప్పుకుంటే అవి కొట్టేసి, ఎండ లెక్క ప్రకారం మళ్ళీ గీస్తుంది. ఇంకో నియమం కూడా ఉంది. అది పటం అడుగున పెద్దక్షరాల్లోనే రాసి ఉంది. పటాన్ని ఎవరైనా పాడుచేస్తే వాళ్ళ కొట్టుకి ఇంక మాట ఉండదు. చెత్త డబ్బాలూ కరెంటు పెట్టె లాంటి, ఎవరూ ఒప్పుకోనివన్నీ వాళ్ళ గుమ్మం ముందుకే వస్తాయి.

గజంగారు లేవబోతుంటే ఆవిడ మళ్ళీ అంది. "ఒక్క బిళ్ళ నంబరు మాత్రం చూశానండీ, ఉండబట్టలేక. మీ గుమ్మం ముందు ముప్పై ఎనిమిది ఎర్ర బిళ్ళలున్నాయి. వాటి మధ్యలో ఒకే ఒక్క ఆకుపచ్చ బిళ్ళ. ఇరవై మూడో నంబరు."

ఇరవై మూడు బావగారి కొట్టు.

మెట్లు దిగుతున్నప్పుడు గజంగారికి మొదట కలిగింది సంతోషం. ఆయనా మనలాంటివాడే అనుకున్నారు. నా వెలుతురు మీద ఆయనకీ కన్నుంది, ఇద్దరం సమానం. కానీ ఆఫీసు గేటు దాటేసరికి ఆ సంతోషం గిట్టుబాటు కాలేదు. చేతిలో అయిదు బిళ్ళలున్నవాడు పగ తీర్చుకోవాలంటే అయిదూ అంటిస్తాడు. ఒక్కటే ఎందుకంటిస్తాడు? ద్రోహానికి ఒకటి తక్కువ, పొరపాటుకి ఒకటి ఎక్కువ. ఎటు తిప్పినా కొలత కుదరలేదు. కొలత కుదరని గుడ్డ ఆయన ఇంటికి పట్టుకెళ్ళే రకం కాదు. కాళ్ళు బజారులో పడమటి వరస వైపు తిరిగాయి.

బావగారి కొట్టు పక్క గోడకి నిచ్చెన వేసుకుని బొమ్మలాయన సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆ గోడ మీద ఏ బొమ్మ కావాలని జనాన్ని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే, గజం కొలిచే చెయ్యి, కత్తెర పట్టిన చెయ్యి. ఒకప్పుడు బజారులో పెద్ద బట్టల కొట్టు ఒకటే ఉండేది. అది ఇద్దరిదీ. గజంగారు కొలిస్తే బావగారు కోసేవారు. అలా ఒకరికి గజమని, ఒకరికి కత్తెర అని పేర్లు పడ్డాయి. విడిపోయి పదకొండేళ్ళయినా జనం నోట్లో ఆ కొట్టు ఇంకా మూతపడలేదు.

నిచ్చెన మీంచి బొమ్మలాయన కిందికి చూశాడు. "కత్తెర పట్టేది ఏ చేత్తో అండీ? కుడి చేత్తోనా, ఎడమ చేత్తోనా?"

"ఎడమ," అన్నారు గజంగారు ఆలోచించకుండా. అన్నాక, ఎందుకు చెప్పానా అనుకున్నారు.

విడిపోయింది ఆస్తి కోసం కాదు. ఒక కోటు గుడ్డ కోసం. ముసురు పట్టిన రోజున ఒకాయన ముదురు నీలమని కోటు గుడ్డ కోయించుకుపోయాడు. ఎండ కాశాక చూస్తే అది వంకాయ రంగు. వెనక్కి తెచ్చాడు. కోసిన గుడ్డ వెనక్కి తీసుకోవడం ఏ బజారులోనూ లేదన్నారు గజంగారు. గుమ్మంలో చూపించకుండా కోసింది నేను, కనక తప్పు నాదన్నారు బావగారు, తీసుకున్నారు. ఆ రోజు సాయంత్రం ఇద్దరూ అన్న మాటలు ఇద్దరికీ ఇప్పటికీ కంఠతా వచ్చు. బావగారు ఎదురు వరసలో వేరే కొట్టు పెట్టుకున్నారు. సంఘం సెక్రటరీ పదవి కూడా వదిలేశారు గానీ హాలు తాళంచెవి మాత్రం తిరిగివ్వలేదు. సంఘం మూడుసార్లు కబురు పెడితే, ఇచ్చినట్టు రసీదు రాసి తెస్తే ఇస్తానని మూడుసార్లూ ఒకే జవాబు చెప్పారు. రసీదు మీద సంతకం పెట్టాల్సింది అధ్యక్షుడు. గజంగారు పెట్టలేదు. ఆ తాళంచెవి అక్కడే ఉండిపోయింది.

గజంగారు గుమ్మం ఎక్కేసరికి బావగారు బల్ల మీద గుడ్డ పరిచి కోస్తున్నారు. ఎడమ చేత్తోనే. తలెత్తి చూసి, ఆశ్చర్యం బయటికి రాకుండా, ఎవరో కొత్త మనిషిని పిలిచినట్టు పిలిచారు.

"రండి, రండి. ఏం చూపించమంటారు? కోటు గుడ్డలు మంచివొచ్చాయి."

"మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"'మిమ్మల్నా'? మా పెళ్ళిలో నా భుజమెక్కి కూర్చుని, దించితే ఏడ్చినవాడివి. ఎప్పుడు పెరిగింది ఈ మర్యాద?"

"మా గుమ్మం ముందు ఆకుపచ్చ బిళ్ళ ఎందుకంటించావు, బావా?"

కత్తెర ఆగింది. బావగారు గోడ గడియారం వంక చూశారు. నాలుగుకి పది నిమిషాలుంది. గుమ్మం దగ్గరున్న స్టూలు చూపించి, నాలుగు కానీ, కూర్చో అన్నారు. గట్టిగా మాట్లాడొద్దని కూడా అన్నారు. "మీ అక్క పైన మిషను కుడుతోంది. నీ గొంతు వింటే దిగుతుంది. దిగిందంటే మనిద్దరికీ ఇంక మాట్లాడే వంతు రాదు."

గజంగారు కూర్చున్నారు. ఎదురుగా ఆయన కొట్టే. పదకొండేళ్ళలో దాన్ని అక్కడి నుంచి ఎప్పుడూ చూడలేదు. ఈ వరసలో నడవాల్సి వచ్చినా తల తిప్పుకుని నడిచేవారు. బోర్డు ఆయన అనుకున్నంత పెద్దగా లేదు. ఒక పక్కకి వాలి ఉంది కూడా.

నాలుగు కొట్టింది. బావగారి మేడ మీంచి పొద్దు ఒక మెట్టు దిగింది. దిగిన ఎండ నేరుగా వెళ్ళి ఎదురు కొట్టు పందిరి రేకు కింద నుంచి లోపలికి దూరింది. ముందు బల్ల దగ్గర గజంగారి భార్య కూర్చుని ఉంది. ఎండ తన మీదికి రాగానే ఆవిడ ఇటూ అటూ చూడకుండా బల్ల కింది నుంచి తుండు గుడ్డ ముక్క ఒకటి తీసి నెత్తి మీద కప్పుకుంది. రోజూ చేసే పని చేతులు ఎలా చేస్తాయో అలా. తర్వాత లేచి, అద్దాల ముందు పేర్చిన థానుల్ని ఒక్కొక్కటీ వెనక్కి మోసింది. వెలిసిన వైపు లోపలికి తిప్పి పెట్టింది. ఆరు థానులు. ఇంతలో తల్లీ కూతుళ్ళు కాబోలు, ఇద్దరొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ కొలవడానికి ఇనప గజం అందుకుంది. వట్టి చేత్తో కాదు, పొయ్యి మీంచి గిన్నె దించినట్టు గుడ్డ పెట్టి పట్టుకుంది. వచ్చినవాళ్ళు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూశారు. తర్వాత ఏదో చెప్పి, రోడ్డు దాటి, ఈ వైపు నీడలోకి వచ్చి నిలబడ్డారు.

గజంగారు ఇంకా చూస్తూనే ఉన్నారు. లోపల, ఫ్యాను కింద, తన కుర్చీ ఖాళీగా కనిపించింది. నాలుగింటికి ఆయన వెనక గదిలో సరుకు సర్దించే వేళ. చల్లటి గది అది. సాయంత్రమయ్యేసరికి తన కొట్టు ఎక్కబోయిన మనుషులు రోడ్డు దాటడం ఆయన విన్నారు, చూశారు, బావ తియ్యటి మాటలే కారణమని బజారంతటికీ చెప్పారు.

"పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్నాను," అన్నారు బావగారు వెనక నుంచి. "నీ కొట్టులో ఏ థాను ఎక్కడుందో నాకు తెలుసు. నా కొట్టులో ఏముందో చెల్లెమ్మకి తెలుసు. ఎవరి కొట్టు వాళ్ళకి కనిపించదోయ్, గుమ్మం లోపలే ఉంటాం కదా. ఆ బిళ్ళ నీకు కాదు, ఆ అమ్మాయికి."

"మిగతా నాలుగూ?"

"బస్సు ఆగే చోట. అక్కడ నిలబడేవాళ్ళకి కొట్టు లేదుగా, బిళ్ళలెవరిస్తారు?"

గజంగారు తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క సరుకు బయటికి తీశారు. చెట్టు నీడలో గుడ్డ రంగు తేలదన్నారు. నిజమే, రంగు గుమ్మంలోనే తేలాలన్నారు బావగారు. ఎవరైనా ఆ గుమ్మం దాకా వస్తే.

పైన మిషను చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. బావగారు కత్తెర తీసుకుని, గుడ్డ వైపే చూస్తూ అన్నారు. "నా గుమ్మం ముందు నలభై ఒకటి పడ్డాయట. బజారుకి నా మీద ఇంత ప్రేమ ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు సుమా."

గజంగారు లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఆగి, రేపు సభకి రమ్మని మాత్రం అన్నారు. వస్తానన్నారు బావగారు, తాళంచెవి కూడా తెస్తాను, రసీదు సిద్ధంగా పెట్టమన్నారు.

పొద్దు వాలాక, కొట్టు కట్టేసే వేళ, గజంగారు భార్యకి అంతా చెప్పారు. నంబర్ల సంగతి, నలభై ఒక బిళ్ళల సంగతి, రేపు సభలో తను చేయబోయే పని. ఆయన లెక్క తేల్చుకునే వచ్చారు. ఊరుకుంటే పరువు నిలుస్తుంది, కరెంటు పెట్టె వస్తుంది. అభ్యంతరం పెడితే నంబర్లే ఆయన పరువు తీస్తాయి. తానే లేచి ఒప్పుకుంటే పరువు పోతుంది గానీ చెట్లొస్తాయి. మూడిట్లోనూ నష్టముంది. వ్యాపారస్తుడికి నష్టం కొత్త కాదు, ఏ నష్టం ఎన్నాళ్ళుంటుందన్నదే చూసుకోవాలి. పరువు నష్టం మహా అయితే ఏడాది. కరెంటు పెట్టె ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

ఎండ సంగతి మాత్రం చివర చెప్పారు, ఆవిడ వంక చూడకుండా.

ఆవిడ విప్పిన గుడ్డలు మడతలు పెడుతూ వింది. అన్నయ్యగారు ఎన్నాళ్ళుగా చూస్తున్నారట అని అడిగింది. పదకొండేళ్ళన్నారు ఆయన.

"మీరో?"

ఆవిడ ఇంకో గుడ్డ అందుకుంది. చెప్పుల కొట్టాయనా, దీపాల కొట్టాయనా, ఈ వరసంతా మిమ్మల్ని నమ్మి బిళ్ళలు చేతిలో పెట్టారు కదా, రేపు విన్నాక మన కొట్టు మెట్లెక్కుతారా అంది. ఎక్కరేమో, కొన్నాళ్ళు, అన్నారాయన. ఆవిడ ఇంక మాట్లాడలేదు. షట్టరు తాళంచెవీ, సంఘం హాలు తాళంచెవీ రెండూ ఎప్పటిలా వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. ఒప్పుకుందనే ఆయన అనుకున్నారు. ఆ ఇంట్లో మాట్లాడకపోవడానికి అర్థం ఒప్పుకోవడమని ఆయన చాలా ఏళ్ళ కిందటే తేల్చేసుకున్నారు.

మర్నాడు పదింటికి హాలు నిండింది. ఇంత జనం సంఘం ఎన్నికలకి కూడా రారు. తూర్పు వరసవాళ్ళు ఒక వైపు, పడమటి వరసవాళ్ళు ఒక వైపు, మధ్యలో బజారంత దారి వదిలి కూర్చున్నారు. పటానికి దుమ్ము పడకుండా గజంగారి కొట్టు నుంచే తెచ్చిన తెల్ల గుడ్డ కప్పి ఉంది. గజంగారు ముందు వరసలో, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ జేబులో కాగితం మీద రాసుకుని కూర్చున్నారు. బావగారు చివరి వరసలో, తలుపు దగ్గరి స్తంభం పక్కన ఉన్నారు.

మొక్కల మేడమ్ వచ్చి, అభ్యంతరాలు చెప్పదలచుకున్నవాళ్ళు చెప్పొచ్చని, గుడ్డ లాగింది.

పటం మీద ఇరవై మూడో కొట్టు ముందు ఏమీ లేదు. నలభై ఒక బిళ్ళలుండాల్సిన చోట జిగురు మచ్చలున్నాయి, గుండ్రంగా, పక్కపక్కనే. రెండు చోట్ల కాగితం కూడా చిరిగి, వెనక అట్ట కనిపిస్తోంది. మిగతా బిళ్ళలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పడమటి వరస ఒక్కసారి లేచింది. నమూనాలో తమకొచ్చిన చెట్లు ఎవరో రాత్రికి రాత్రి పీక్కుపోయినట్టే ఉంది వాళ్ళకి. మొక్కల మేడమ్ చెయ్యెత్తి కూర్చోమంది. నిన్న ఆరింటికి తను తాళం వేయించి వెళ్ళేటప్పుడు బిళ్ళలన్నీ ఉన్నాయంది. తాళం పగలలేదు, తలుపు చెడలేదు.

"అయితే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి," అన్నాడు పడమటి వరసలో గాజుల కొట్టాయన. అడగాల్సిన అవసరం లేకుండానే అన్ని తలలూ ముందు వరస వైపు తిరిగాయి.

గజంగారి చెయ్యి జేబులో కాగితం మీదే ఉంది. నిన్న సాయంత్రం తేల్చుకున్న లెక్కలో ఈ అంకె లేదు. ఇప్పుడు లేచి, బిళ్ళలు నేనే తప్పుగా అంటించానని చెబితే, తప్పుగా అంటించినవాడే వచ్చి పీక్కున్నాడని చిన్నపిల్లలు కూడా చెప్తారు. తను పీకలేదు. తాళంచెవి మేకుకే ఉంది. ఉందా? పొద్దున తను చూశారా? పక్కన మడతలు పెడుతూ మాట్లాడకుండా ఉండిపోయిన మనిషి గుర్తొచ్చి ఆయన వెనక్కి తిరిగారు.

ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. సభలకి ఎప్పుడూ రాని మనిషి. చేతులు రెండూ ముందుకి కట్టుకుని ఉంది. కుడి చేతి బొటనవేలి గోరు కింద సన్నగా, చంద్రవంకలా, ఆకుపచ్చ రంగు.

"రెండో తాళంచెవి ఒకటుందండీ."

ఆ గొంతు స్తంభం దగ్గర నుంచి వచ్చింది. బావగారు లేచి నిలబడ్డారు. ఎడమ చేత్తో తాళంచెవి పైకెత్తి అందరికీ చూపించారు. పదకొండేళ్ళు వాడక తుప్పు పట్టి ఉందది.

"బిళ్ళలు తీసింది నేను. నా గుమ్మం ముందు చెట్టు నాకొద్దు. వెలుతురు పోతుంది."

పడమటి వరస వాళ్ళు నోళ్ళు తెరిచారు. సొంత వరస మనిషే ఇలా చేస్తాడని వాళ్ళు అనుకోలేదు. తూర్పు వరస నుంచి ఎవరో చిన్నగా నవ్వారు. మొక్కల మేడమ్ మాత్రం నవ్వలేదు. పటం పాడుచేసినవాళ్ళ కొట్టుకి ఏం జరుగుతుందో తెలుసా అని అడిగింది. తెలుసన్నారు బావగారు, పెద్దక్షరాల్లోనే రాశారుగా.

ఆవిడ కలం మూత తీసింది. పుస్తకం తెరిచి, ఇరవై మూడో నంబరు కొట్టు అని పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టింది.

గజంగారు ఆ కలం కదలికే చూస్తున్నారు. ఇంకో రెండు గీతలు పడితే ఆ కరెంటు పెట్టె రోడ్డు దాటి బావ గుమ్మం ముందుకి పోతుంది. చెట్లు తన వరసకి వస్తాయి. తన నంబర్లు ఎవరూ చదవరు. రెండు నెలల కిందట ఆయన పటం ముందు నిలబడి కోరుకున్నది సరిగ్గా ఇదే. పైసా ఎదురు పెట్టకుండా, నోరు కూడా తెరవకుండా, అంతా ఒడిలో పడుతోంది. జీవితంలో ఇంత లాభసాటి బేరం ఆయనకి ఎప్పుడూ తగల్లేదు. కూర్చుని ఉంటే చాలు.

ఆయన జేబులోంచి కాగితం తీసి లేచారు. స్తంభం దగ్గర నుంచి బావగారు కళ్ళతోనే కూర్చోమన్నారు. పూర్వం గుడ్డ కోసేటప్పుడు, కొలత నేను చూసుకుంటా నువ్వు ఊరుకో అన్నట్టు, అదే చూపు. గజంగారు కూర్చోలేదు. కాగితం మడత విప్పారు. మొదటి మాట గొంతులోనే ఉంది.

"రాయకండి మేడమ్."

హాలంతా తిరిగి చూసింది. ఆ మాట గజంగారిది కాదు. తలుపు దగ్గర నుంచి, కట్టుకున్న చేతులు విప్పి, ఆయన భార్య మధ్య దారిలోకి నడిచి వస్తోంది.